పైన కొత్త దూది

మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: వీధిలోకి తలుపున్న ఒక గది, నాన్న వాడి వదిలిపోయిన రెండు దబ్బనాలు, ఒక కుట్టుమిషను, రెండు బేళ్ళ దూది, ఒక బైబిలు, ఒక తమ్ముడు. చివరి రెండింటినీ పెట్టుబడి కింద జమకట్టలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో ఉన్నవే కదా అనుకున్నాను.

పరుపుల వ్యాపారంలో ఒక చిక్కుంది. కొనేవాళ్ళకు పైగుడ్డ ఒక్కటే కనిపిస్తుంది. రెండుసార్లు చేత్తో నొక్కుతారు, ఒకసారి కూర్చుని చూస్తారు, అంతే. లోపలిది నమ్మకం. కంటికి కనిపించని సరుకును నోటిమాట మీద అమ్మేవాళ్ళు మా వీధిలో ఇద్దరమే, ఒకణ్ణి నేను, రెండో ఆయన మా చర్చి సంఘం అయ్యగారు అని సరదాగా అంటుండేవాణ్ణి. అయ్యగారు నవ్వేవారు. తమ్ముడు నవ్వేవాడు కాదు.

ముందు గదిలో కూర్చుని మాట్లాడటం నా పని. వెనక గదిలో దూదిని బెత్తంతో కొట్టి, ఉండలు కరిగించి, పొరలు పొరలుగా పరిచి, సంచిలోకి నింపి, దబ్బనంతో కుట్లు వేయడం వాడి పని. కొడుతూ కొడుతూ బైబిలు వాక్యం వల్లించేవాడు. ఒక్కో దెబ్బకు ఒక్కో మాట. వాడి గొంతు ఎలాంటిదంటే, దారిన పోయేవాళ్ళు చెప్పు సరిచేసుకుంటున్నట్టు కాసేపు మా గుమ్మం ముందు ఆగేవాళ్ళు. సంఘంలో ఆదివారం వాక్యం చదివేది వాడే. వాడు పీఠం దగ్గర నిలబడితే ముసలివాళ్ళు దగ్గు ఆపుకునేవారు. పిల్లలు వాడికి 'గంట' అని పేరు పెట్టారు.

వాడు చదివింది వాడి ఒంటికి అంటుకునేది. అది నాకు విసుగు తెప్పించేది. ఒకసారి ఎవరో పాత పరుపు బాగుచేయమని ఇస్తే, విప్పినప్పుడు అందులో ఒక ముక్కుపుడక దొరికింది. ఇచ్చినవాళ్ళకు ఆ సంగతే తెలియదు. వాడు పని ఆపి, ఒంటినిండా దూదితోనే, నాలుగు వీధులు దాటి వెళ్ళి ఇచ్చి వచ్చాడు.

"సాయంత్రం వాళ్ళే పరుపు కోసం వస్తారుగా, అప్పుడిస్తే పోయేదేముంది?" అన్నాను.

"సాయంత్రం దాకా నా దగ్గరుంటే సాయంత్రానికి నాదైపోతుందేమో అన్నా. నా సంగతి నాకు తెలుసు. పొద్దున చదివింది మధ్యాహ్నానికే చల్లారిపోతుంటుంది."

వాక్యం నాకూ వచ్చు. వాడికంటే ఎక్కువే వచ్చేమో. అల్మరాలో గుడ్డలు పేర్చుకున్నట్టు వచనాలు పేర్చుకున్నాను. దుఃఖంలో ఉన్నవాళ్ళకొకటి, బేరం తెగనివాళ్ళకొకటి, ఎదురు మాట్లాడేవాళ్ళకొకటి. ఎవరికేది నప్పుతుందో తీసి పరిచేవాణ్ణి. నా ఒంటికి కొలిచి చూసుకున్నది ఒక్కటీ లేదు.

ఇలా ఉండగా బస్సులు ఆగేచోట ఒక లాడ్జి మూతపడింది. గదులు ఖాళీ చేసిపెడితే చాలు, పరుపులు ఊరికే తీసుకుపోవచ్చన్నారు. నలభై పరుపులు. అన్నీ తెచ్చి విప్పించాను. రెండు రోజులు ఎండలో పోయించాను, దూది మిషనుకిచ్చి పైపైన ఏకించాను. చూడటానికి బాగానే ఉంది. కాస్త బూడిదరంగు, కాస్త వాసన. లోపల ఇది నింపి, పైన నాలుగు వేళ్ళ మందాన కొత్త దూది పరిస్తే ఎవరి చేతికీ తెలియదు.

తమ్ముడు గుప్పెడు తీసి వాసన చూశాడు.

"ఇది దేనికన్నా?"

"లోపలికి."

"లోపలికి అంటే?"

"కొత్త పరుపుల్లోకి రా. ఎండబెట్టాం, ఏకించాం. దూది దూదే కదా."

"సరే. కొనేవాళ్ళకు చెబుదామా?"

"చెబితే ఎవరైనా కొంటారా?"

"నేనూ అదే అడుగుతున్నా."

నాకు ఒళ్ళు మండింది. "ఇంటికి పెద్దవాడి మాట వినమని రాసి లేదా? అది చదవలేదా నువ్వు?"

"చదివాను. దాని పక్కన ఇంకా చాలా రాసుంది."

"ముందు ఇది నింపు. పక్కది రేపు చూద్దాం."

"ఇది వద్దు అన్నా," అని వాడు బెత్తం పట్టుకుని నిలబడ్డాడు. తరవాత కూర్చున్నాడు. ఆ రోజంతా వెనక గదిలోంచి బెత్తం చప్పుడు ఒక్కటే వినిపించింది, మాట వినిపించలేదు.

మూడు నెలలు గడిచాయి. ఎవరికీ అనుమానం రాలేదు. మా సంఘంలోనే ఒక నర్సమ్మ ఉంది. పురిటికి వచ్చిన కూతురి కోసం మా దగ్గర పరుపు కొంది. వారం తిరక్కుండా ఒక పొద్దున ఆ పరుపును తోపుడుబండి మీద వేయించుకుని కొట్టుకు వచ్చింది. కొట్టులో అప్పటికే నలుగురున్నారు, అందులో ఇద్దరు సంఘ పెద్దలు. ఆమె కొంగుముడి విప్పి నా బల్ల మీద ఒకటి పడేసింది. ఇత్తడి బిళ్ళ. దాని మీద పద్నాలుగు అంకె. బిళ్ళకు తాళంచెవి కూడా ఉంది.

"బాలింత వీపులో గుచ్చుకుంటోందంటే కోసి చూశాను. ఈ పద్నాలుగో నంబరు గది ఎక్కడో చూపించండి పరుపులాయనా, పిల్లని తీసుకెళ్ళి అక్కడే పడుకోబెడతా. తాళం కూడా మీరే ఇచ్చారుగా!"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నా వ్యాపారం మొత్తం బల్ల మీదకొచ్చి ఆ బిళ్ళ పక్కన కూర్చున్నట్టయింది. ఒక్క క్షణం పట్టింది నాకు.

"లోపలి పని మా తమ్ముడిదమ్మా. గుడ్డ చూడటం, బేరం చూడటం వరకే నాది. లోపల వాడేం నింపాడో నాకేం తెలుసు?"

వాడు మధ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టులో దూది, కనుబొమల మీద దూది. నా వైపు చూశాడు. నేను తాళంచెవి వైపు చూశాను.

"ఏం బాబూ," అంది నర్సమ్మ, "నింపింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఆదివారం ఆదివారం అంత గొంతేసుకుని చదివేది నువ్వేనా? సిగ్గులేదూ?"

వాడు తల దించుకున్నాడు. ఇంకో మాట అంటాడేమోనని చూశాను. అనలేదు.

ఆమెకు అప్పటికప్పుడు మంచి దూదితో వేరే పరుపు కుట్టించి ఇంటికి పంపాను. లాడ్జి దూది మిగిలిందంతా తగలబెట్టించాను. నిజాయితీపరుడన్న పేరు నాకే వచ్చింది. సంఘ పెద్దలు కూర్చుని, కొన్నాళ్ళు వాక్యం చదవవద్దని, వెనక బల్ల మీద కూర్చోమని తమ్ముడికి చెప్పారు. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. వాడూ అడగలేదు. వారంలోపు భార్యతో మా ఇంట్లోంచి వెళ్ళిపోయి మిల్లులో పనికి చేరాడు. బేళ్ళు విప్పి పీకే గదిలో పని. ఆ గదిలో ఎదుటి మనిషి ముఖం దూది ధూళిలో మసకగా కనిపిస్తుందని చెప్పుకునేవారు.

నా వ్యాపారం పెరిగింది. పక్క గది కూడా తీసుకున్నాను. నాలుగేళ్ళకు నన్ను సంఘ పెద్దను చేశారు. ఆదివారం కానుకల పళ్ళెం బల్ల వెంట బల్ల తీసుకెళ్ళే పని నాది. తమ్ముడు ఒక్క ఆదివారమూ మానలేదు. చివరి బల్ల మీద, తలుపు పక్కన, చెప్పుల దగ్గర కూర్చునేవాడు. పళ్ళెం చాపితే నాణెం చప్పుడు కాకుండా పెట్టేవాడు. తల ఎత్తేవాడు కాదు. పలకరింపుల్లేవు. బయటికి నేను పక్క తలుపు గుండా పోయేవాణ్ణి. తరవాత తరవాత వాడికి దగ్గు పట్టుకుంది. అందరికీ అడ్డమని బల్ల మీద నుంచి లేచి గుమ్మం బయట అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పళ్ళెం అంతదూరం పోనవసరం లేదని పెద్దలే అన్నారు. నాకు హాయి అనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మా ఇంట్లో దీపాలు పెట్టే వేళకు కుటుంబ ప్రార్థన. రోజుకో అధ్యాయం, వరుసగా మొదటి పుట నుంచి చివరి పుట దాకా, అయిపోతే మళ్ళీ మొదటికి. చాప మీద చుట్టూ కూర్చుని తలా ఒక వచనం చదవాలి. చిన్నమ్మాయితో మొదలు, తరవాత పెద్దమ్మాయి, తరవాత నా భార్య, చివర నేను. ఇది మా నాన్న పెట్టిన పద్ధతి. దీంట్లో నేను కనిపెట్టిందొకటుంది. నలుగురు మనుషులు, ఇన్ని వచనాలు. ఎవరికి ఏది పడుతుందో పుస్తకం తెరవకముందే చెప్పేయొచ్చు. నాకు గిట్టనిది నా వాటాకు వచ్చేలా ఉంటే చోటు మారేవాణ్ణి. నడుం నొప్పి అని గోడ వైపు జరిగేవాణ్ణి, వెలుతురు చాలదని కిటికీ వైపు జరిగేవాణ్ణి.

"నాన్నా, ఇవాళ ఎవరి నుంచి పారిపోతున్నావు? మోషే నుంచా, పౌలు నుంచా?" అనేది చిన్నది.

"నోరు మూసుకుని చదువు."

"మూసుకుని ఎలా చదవనూ?"

పెద్దది కిసుక్కున నవ్వేది. నా భార్య మాత్రం నవ్వేది కాదు. ఆ లాడ్జి దూది మా పెరట్లోనే ఎండింది. ఆమె చూసింది. అయినా ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

కొండ మీద యేసు చేసిన ప్రసంగం మొదలయ్యే అధ్యాయం ఉంది కదా. కానుక ఇవ్వడానికి వచ్చినప్పుడు, నీ వల్ల నొచ్చుకున్న తోబుట్టువు ఎవడైనా గుర్తొస్తే ఏం చేయాలో చెప్పే చోటు. అది ఇరవైమూడుతో మొదలై ఇరవైనాలుగులో పూర్తవుతుంది. మా వరుసలో ఇరవైనాలుగు నాకు పడుతుంది. పదకొండేళ్ళలో ఆ అధ్యాయం మూడుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లూ కిటికీ పక్కకు జరిగి, చిన్నదాని కంటే ముందు నేనే మొదలుపెట్టాను. అలా అయితే నాకు ఇరవైఒకటి పడుతుంది. నరహత్య చేయకూడదన్నది. దాంతో నాకే ఇబ్బందీ లేదు, నేనెవరినీ చంపలేదు.

మూడోసారి కూడా కిటికీ పక్కకే జరిగాను. అంతా లెక్క ప్రకారమే నడిచింది. ఇరవైఒకటి నేను చదివాను, ఇరవైరెండు చిన్నది, ఇరవైమూడు పెద్దది. తరవాతిది నా భార్యది. ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కళ్ళు మండుతున్నాయి. మీరందుకోండి."

పిల్లలు నా వైపు చూశారు. తప్పించుకోవడానికి చోటు లేదు. చదివాను. నీ కానుక అక్కడే వదిలెయ్, ముందు వెళ్ళు, నీ తోబుట్టువుతో సమాధానపడు, ఆ తరవాతే రా అని ఉంది. ధరల పట్టీ చదివినట్టు చదివేద్దామనుకున్నాను. 'ముందు' అన్న మాట దగ్గర నుంచి గొంతు తగ్గించి గొణిగేశాను.

"మళ్ళీ చదవండి, సరిగా వినపడలేదు," అంది ఆమె.

మళ్ళీ చదివాను. పిల్లలు లేచి లోపలికి వెళ్ళాక అడిగాను.

"కావాలనే చేశావు కదూ?"

"ఇన్నేళ్ళు మీతో కాపురం చేసి ఆ మాత్రం లెక్క నేర్చుకోలేననుకున్నారా? కిందటిసారే చేద్దామనుకున్నా. ధైర్యం చాల్లేదు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "ఆ రోజు కొట్టులో నేనూ ఉన్నాను, తలుపు వెనక. నేనూ నోరు మూసుకున్నాను. మీ ఒక్కరిదే కాదండీ ఇది."

మర్నాడు నేను చేసిన మొదటి పని వ్యాపారి చేసే పనే. కొట్టులో ఉన్నవాటిలోకెల్లా మంచి దూది తీసి, నా చేత్తో నింపి, ఒత్తుగా కుట్లు వేసి, ఒక పరుపు తమ్ముడి ఇంటికి పంపాను. మాట లేకుండా సరుకుతో సరిపెట్టుకుందామని. గంటలో పరుపు తిరిగొచ్చింది. తెచ్చిన బండివాడు చెప్పాడు: "చిరునామా తప్పయ్యుంటుంది, ఈ ఇంటికి అన్నలెవరూ లేరు అందండీ ఆ ఇంటావిడ."

ఇక నేనే వెళ్ళాను. మిల్లు వెనక వరుసలో ఒకే గది. మరదలు గుమ్మంలో ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి పెట్టె దించలేదు.

"బావగారికి దారి తెలిసిందే! ఎవరైనా దారిలో అడ్డంపడి చూపించారా?"

తల వంచుకుని లోపలికి వెళ్ళాను. తమ్ముడు మంచం మీద రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదట. సగం మనిషయ్యాడు. ఒళ్ళో బైబిలు తెరిచి ఉంది.

"రా అన్నా," అన్నాడు. ఆ గొంతు విని నేను నిలువునా ఆగిపోయాను. ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు ఉంది.

"ఆ రోజు కొట్టులో నేనన్నది..." అని మొదలుపెట్టాను. ఎన్నో మాటలు కూడబెట్టుకుని వచ్చాను, ఒక్కటీ రాలేదు. "అబద్ధం రా అది."

"సగమే," అన్నాడు. "నింపింది నా చేతులే. వద్దన్నాను, వద్దంటూనే నింపాను. నర్సమ్మ అడిగితే నేనే అన్నాను. అది నిజం కాదూ?"

"ఇన్నేళ్ళు ఎలా ఊరుకున్నావు?"

వాడు నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా మరదలు వీపు రాసింది. "ఊరికే ఊరుకున్నాననుకున్నావా? రెండుసార్లు నర్సమ్మ ఇంటి గుమ్మం దాకా వెళ్ళాను, అంతా చెప్పేద్దామని. నీ కొట్టు మీద రాయి వేద్దామని కూడా అనిపించింది. ఒక సాయంత్రం రాయి చేతిలోనే ఉంది. నా నోటికి కాపలా పెట్టమని దేవుణ్ణి రోజూ పొద్దున్నే అడిగేవాణ్ణి. సాయంత్రానికి మళ్ళీ అడిగేవాణ్ణి. ఒక్కసారి అడిగితే చాలదన్నా, కోపం రోజూ కొత్తగా పుడుతుంది."

"నన్ను క్షమించు."

"నాకు చెప్పడానికేముంది? నాకు తెలుసుగా జరిగింది. తెలియనివాళ్ళకు చెప్పు."

ఆ మాట వాడు గట్టిగా అనలేదు. గట్టిగా అనే శక్తీ లేదు. అయినా అది నా వెంట ఇంటిదాకా వచ్చింది.

ముందు అయ్యగారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా? పదకొండేళ్ళయింది. మీరు సంఘ పెద్దలు. మీరు లేచి చెబితే సంఘం రెండుగా చీలుతుంది. మీరూ తమ్ముడూ సమాధానపడ్డారు కదా, చాలు. నేను ఇద్దరికీ ప్రార్థన చేస్తాను. ఆయన్ని మెల్లగా ముందు బల్లకు పిలుద్దాం. ఎవరూ ఏమీ అడగరు."

అంతకంటే మంచి బేరం నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు. పరువు నాది నాకుంటుంది, తమ్ముడి బల్ల తమ్ముడికొస్తుంది, కొనేవాళ్ళు కొనుక్కుంటూనే ఉంటారు. సరేనని చెప్పి లేచాను. కొట్టుకు వచ్చి కూర్చున్నాను. మధ్యాహ్నం ఎవరూ రాని వేళ ఆ అధ్యాయం మళ్ళీ తెరిచాను. వరుస లేదు, వంతు లేదు, ప్రతి వచనమూ నాదే. కిందికి దిగితే ఇంకో మాట తగిలింది. అవునంటే అవుననే ఉండాలి, కాదంటే కాదనే ఉండాలి. అంతకు మించిందంతా చెడ్డవాడి దగ్గర నుంచి వచ్చేదే అని. దాన్ని నేను బేరగాళ్ళ ముందు ఎన్నిసార్లు వాడానో. 'నా మాటంటే మాటే' అనడానికి బాగా పనికొచ్చేది. ఆ రోజు మాత్రం దాని ముందు నా మాట నేనే పెట్టుకుని చూశాను. లోపల వాడేం నింపాడో నాకేం తెలుసు. అందులో అవునూ లేదు, కాదూ లేదు. అంతా మించినదే. ఇప్పుడు అయ్యగారికి చెప్పిన 'సరే' కూడా అలాంటిదే.

కొట్టు మూసి తిరిగి వెళ్ళి, ఆదివారం చెబుతానండీ, మీరు వద్దన్నా చెబుతాను అన్నాను. ఆయన అడ్డుచెప్పలేదు.

ఆదివారం కానుకల పళ్ళెం నా చేతికిచ్చినప్పుడు దాన్ని బల్ల మీద పెట్టేసి అందరి వైపూ తిరిగాను. లాడ్జి సంగతి, నాలుగు వేళ్ళ కొత్త దూది సంగతి, వాడు వద్దన్న సంగతి, నర్సమ్మకు నేను చెప్పిన మాట. అన్నీ చెప్పాను. మూడు నిమిషాలు పట్టిందేమో. గుమ్మం బయట అరుగు మీద నుంచి దగ్గు వినిపిస్తోంది, అంతే.

నర్సమ్మ లేచింది. ఆమెకూ జుట్టు నెరిసింది. నా వైపు చూడకుండా నేరుగా గుమ్మం దాకా నడిచి, అరుగు మీద వాడి ముందు నిలబడింది. "బాబూ, ఆ రోజు నలుగురిలో నిన్ను సిగ్గులేదా అన్నాను," అంది. రెండు చేతులూ జోడించింది. తిరిగి వస్తూ నా దగ్గర ఆగింది. "మీరు అప్పుడు పరుపు మార్చి పంపారు. మంచివారని పదిమందికి చెప్పాను నేను. పదిమందికీ మళ్ళీ చెప్పుకోవాలి ఇప్పుడు."

ఆ వారమే పెద్దరికం వదులుకున్నాను. వదులుకున్నాను అంటున్నాను గానీ, వద్దన్నవాళ్ళెవరూ లేరు. కొట్టుకు వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. వచ్చినవాళ్ళు కొందరు, "పైన కుట్టు విప్పి చూపించండి," అనేవాళ్ళు. విప్పి చూపించేవాణ్ణి. "చేతులు పెట్టి చూడండి," అనేవాణ్ణి. పెట్టి చూసేవాళ్ళు.

పెద్దలు తమ్ముడి ఇంటికి వెళ్ళి, వచ్చే ఆదివారం వాక్యం నువ్వే చదవాలని అడిగారు. వాడు వద్దనలేదు. మరదలు చొక్కా ఇస్త్రీ చేసి తొడిగింది. ఇద్దరు పట్టుకుంటే పీఠం దాకా నడిచాడు. పదకొండేళ్ళ కిందట విన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ముసలివాళ్ళు ముందుకు వంగారు. వాడు పుస్తకం తెరిచాడు, వేలితో చోటు వెతుక్కున్నాడు, ఊపిరి తీసుకున్నాడు.

ఒక వచనం చదివాడు. ముందు బల్లలకు వినిపించిందేమో. రెండోదాంట్లో సగానికి వచ్చేసరికి దగ్గు అందుకుంది. పీఠం రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. దగ్గు ఆగింది, గొంతు రాలేదు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. కొన్నాళ్ళు చదవవద్దన్న పెద్దలు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఒకాయన కండువాతో ముఖం కప్పుకున్నాడు.

తమ్ముడు తలెత్తి జనంలో నన్ను వెతికి పట్టుకున్నాడు. రమ్మని సైగ చేశాడు. వెళ్ళాను. పక్కన నిలబడితే, ఆపిన చోట వేలు పెట్టి చూపించాడు. అక్కడి నుంచి చదివాను. నాది సరుకు అమ్మే గొంతు. వాడిలా ఆగవలసిన చోట ఆగడం రాదు. ఆగకుండా పోతుంటే వాడి వేలు పుట మీద ఆగేది; నేనూ ఆగేవాణ్ణి. వేలు కదిలితే కదిలేవాణ్ణి. అలా అధ్యాయం పూర్తయింది.

మళ్ళీ పీఠం ఎక్కలేదు వాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఊపిరితిత్తుల నిండా దూది ధూళి పేరుకుపోయిందని, పోయిన ఊపిరిని తెచ్చే మందు లేదని చెప్పాడు. ఉన్నన్ని రోజులు సుఖంగా చూసుకోమన్నాడు. రోజూ సాయంత్రం వెళ్ళేవాణ్ణి. నా భార్య, పిల్లలూ వచ్చేవారు. మంచం చుట్టూ కూర్చుని చదువుకునేవాళ్ళం. మరదలు మొదట్లో నాకు వీపు తిప్పి కూర్చునేది. నెల తరవాత, "బావగారూ, ఆ లాంతరు ఇటు జరపండి, మీకు కనిపించడం లేదు," అంది. ఆమె నాతో మామూలుగా అన్న మొదటి మాట అది.

ఒక సాయంత్రం తమ్ముణ్ణి అడిగాను.

"అప్పుడే, ఆ వారమే, నేను చెప్పేసి ఉంటే నువ్వు మిల్లుకు పోయేవాడివి కాదు కదరా?"

అబద్ధం చెబుతాడేమోనని ఆశపడ్డాను.

"పోయేవాణ్ణి కాదు అన్నా," అన్నాడు.

చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు. చదవమని పుస్తకం వైపు గడ్డంతో చూపించాడు. ఒక చెయ్యి వాడి చేతిలో ఉండగా రెండో చేత్తో పుటలు తిప్పాను.

వాడు పోయి ఏడాది దాటింది. ఇప్పుడు లెక్క చూసుకుంటే, పెద్దరికం, సగం వ్యాపారం, మంచివాడన్న పేరు పోయాయి. అవి నావి కావు, వాడి పేరు మీద వాడుకున్నవి. వాటిని నష్టం కింద రాయను. నష్టం వాడి గొంతు, వాడి పదకొండేళ్ళు, మరదలి సంసారం. ఆ మూడింటికీ ఎదురుగా వేయడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇక ఉండబోదు. క్షమించాడు కదా అని ఎవరైనా అంటే, క్షమించాడు, నిజమే. అది వాడి ఖాతాలోది, నేను సంపాదించింది కాదు.

నాకు వచ్చిందల్లా నాలుగు నెలలు. అందులో పదిహేడు ఆదివారాలు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. 'అన్నా' అని వాడు పిలిచినప్పుడల్లా తల తిప్పి వాడి ముఖంలోకి చూడగలిగాను.